వేటకు వెళ్లే బ్యాగు: ఏది చేతిలో, ఏది లగేజీలో

(విమాన ప్రయాణాల మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు, డెన్వర్ విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్‌లో పనిచేసే మన తెలుగు సోదరి ఇచ్చే జవాబులు)

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది టెక్సస్‌లోని ఇర్వింగ్. అక్టోబరులో ఇద్దరు ఆఫీసు మిత్రులతో కలిసి కొలరాడోకి ఎల్క్ (పెద్ద జింక) వేటకు వెళ్తున్నాను. తుపాకీ వాళ్లది, నాది చూసే పని మాత్రమే. నా దగ్గర 10×42 బైనాక్యులర్స్, స్పాటింగ్ స్కోప్ (చిన్న దూరదర్శిని), ట్రైపాడ్, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్, హెడ్‌ల్యాంప్, సిగ్నల్ లేనిచోట మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్, జంతువు కదిలితే ఫొటో తీసే ట్రెయిల్ కెమెరాలు రెండు, పవర్ బ్యాంకు, బోలెడు బ్యాటరీలు ఉన్నాయి. అన్నీ పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య సర్దేయమంటోంది మా ఆవిడ. బైనాక్యులర్స్‌ని క్యాబిన్‌లోకి రానివ్వరని ఫ్రెండ్ ఒకడు భయపెడుతున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, ఇర్వింగ్

జవాబు: ఆ ఫ్రెండ్ మాట పట్టించుకోకండి తమ్ముడూ. బైనాక్యులర్స్, స్పాటింగ్ స్కోప్ రెండూ నిక్షేపంగా క్యాబిన్‌లోకి తీసుకెళ్లొచ్చు. తుపాకీ నుంచి విప్పేసిన రైఫిల్ స్కోప్‌కి కూడా అమెరికాలో విమానాశ్రయ భద్రత చూసే టీఎస్‌ఏ అడ్డు చెప్పదు. మీ ఆవిడ సలహా మాత్రం బ్యాటరీల దగ్గర చిక్కు తెస్తుంది.

వేట సీజను వచ్చిందంటే మా కౌంటర్ ముందు రోజూ ఇదే తంతు. నారింజ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి సూట్‌కేసు త్రాసు మీద పెడతాడు. "లోపల పవర్ బ్యాంకు గానీ, విడి బ్యాటరీలు గానీ ఉన్నాయా సార్?" అని అడుగుతాను. "ఉన్నాయి, అడుగున ఉన్నాయి" అంటాడు. ఇక అక్కడే నేల మీద సూట్‌కేసు తెరుచుకుంటుంది. ఉన్ని సాక్సులు, లోపలి బట్టలు, బీఫ్ జెర్కీ ప్యాకెట్లు అన్నీ బయటికి వస్తాయి. వెనక లైనులో ఉన్నవాళ్లు నన్ను చూస్తారు, నేనేదో చేసినట్టు.

కాబట్టి సర్దేటప్పుడు వస్తువును కాదు, దాని బ్యాటరీని చూడండి. మీద లిథియం అని రాసి ఉండి, ఏ పరికరంలోనూ బిగించకుండా విడిగా ఉంటే అది చేతి సంచిలోకే వెళ్లాలి. రేంజ్‌ఫైండర్‌లో వేసే సీఆర్‌2, సీఆర్‌123 లాంటివీ, హెడ్‌ల్యాంప్ కోసం కొన్న లిథియం డబుల్ ఏ సెల్సూ అంతే. పవర్ బ్యాంకునూ విడి బ్యాటరీగానే లెక్కేస్తారు. మామూలు ఆల్కలైన్ సెల్స్ ఎక్కడ పెట్టినా ఫర్వాలేదు. చార్జింగ్ బ్యాటరీలకు 100 వాట్-అవర్ల దాకా ఎవరినీ అడగక్కర్లేదు. 100 దాటి 160 వరకు ఉన్నవైతే ఎయిర్‌లైన్ ఒప్పుకుంటేనే, అదీ రెండు మాత్రమే. వాట్-అవర్లు రాసి లేకపోతే వోల్టుల్ని ఆంపియర్-అవర్లతో గుణించండి. 20,000 ఎంఏహెచ్ (అంటే 20 ఆంపియర్-అవర్ల) పవర్ బ్యాంకు 3.7 వోల్టుల లెక్కన 74 వస్తుంది, దిగుల్లేదు. 27,000ది దాదాపు వంద, హద్దు మీద ఉన్నట్టే. అక్షరాలు అరిగిపోయిన పాత పవర్ బ్యాంకును ఇంట్లో వదిలేయండి, దాని కోసం సెక్యూరిటీ వాళ్లతో వాదించలేం.

విడి బ్యాటరీల కొనలకు టేపు అంటించండి, లేదంటే కొన్న ప్యాకెట్‌లోనే ఉంచండి. తాళంచెవుల గుత్తి తగిలి షార్ట్ అయితే అక్కడే వేడెక్కిపోతుంది. అన్నీ ఒకే జిప్ సంచిలో వేసి బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టండి. ఎందుకంటే మీరు డెన్వర్‌లో దిగి గనిసన్‌కో, డ్యూరాంగోకో చిన్న విమానం ఎక్కుతారనుకుందాం. పై అరల్లో చోటు చాలదని మీ చక్రాల బ్యాగును విమానం గుమ్మం దగ్గరే తీసుకుని కిందికి పంపేస్తారు. ఆ బ్యాగులోంచి బ్యాటరీలు తీసుకుని మీతో పాటే పైకి పట్టుకెళ్లాలి. జిప్ సంచి అయితే ఒక్క చేత్తో లాగేసుకోవచ్చు.

పరికరంలో బిగించి ఉన్న బ్యాటరీతో పెద్ద గొడవ లేదు. అయితే లగేజీలో వేసే పరికరం పూర్తిగా ఆఫ్‌లో ఉండాలి. హెడ్‌ల్యాంప్ బటన్ బట్టల ఒత్తిడికి నొక్కుకుపోయి, సూట్‌కేసు లోపల వెలుగుతూనే ఉంటుంది. లాక్ ఉంటే వేయండి, లేకపోతే సెల్స్ తీసేయండి. ట్రెయిల్ కెమెరా ఆన్‌లో ఉండిపోతే దారి పొడుగునా మీ బట్టల్ని ఫొటోలు తీస్తూ ఉంటుంది. అసలు వారం రోజుల వేటకు ఆ రెండు కెమెరాలు దేనికో నాకు అర్థం కాలేదు. ఫొటోను అప్పటికప్పుడు ఫోనుకు పంపే రకమైతే కొలరాడోలో వేటకు వాడటం మీద ఆంక్షలున్నాయి. అరిజోనాలో అయితే 2022 జనవరి నుంచి వేట కోసం ట్రెయిల్ కెమెరాలే నిషేధం. ఇంట్లో పెట్టి వెళ్లండి, బరువు తగ్గుతుంది.

అద్దాల సంగతికొస్తే, బైనాక్యులర్స్‌ని చేతిలో పెట్టుకోమనేది రూలు ఉండి కాదు, బెల్టు మీద సూట్‌కేసులు పడే తీరు రోజూ చూస్తున్నాను కాబట్టి. మందమైన గాజు ఎక్స్‌రేలో నల్లటి ముద్దలా కనిపిస్తుంది, అందుకే పక్కకు పిలిచి బ్యాగు తెరుస్తారు. కంగారు పడొద్దు, స్కోప్ కూడా పైనే ఉంటే రెండు నిమిషాల్లో వదిలేస్తారు. ఎక్స్‌రే వల్ల గాజుకేమీ కాదు. నైట్రోజన్ నింపి సీలు వేసిన బైనాక్యులర్స్‌కి విమానంలోని గాలి ఒత్తిడితోనూ ఇబ్బంది లేదు. కొండ మీద పొద్దున చలికి చల్లబడ్డ అద్దాన్ని హీటర్ వేసిన కారులోకి తేగానే పైన ఆవిరి పట్టేస్తుంది. సంచిలోంచి తీయకుండా కాసేపు అలాగే ఉంచండి, తుడవడం మొదలుపెట్టకండి.

ట్రైపాడ్ ఎక్కడైనా సరే. ట్రెక్కింగ్ కర్రలు, కత్తి, మల్టీ టూల్ లగేజీలోకే. ఎలుగుబంట్లను తరిమే బేర్ స్ప్రే, స్టవ్ గ్యాస్ డబ్బా రెండింట్లోనూ కుదరవు, అక్కడికి వెళ్లాకే కొనుక్కోవాలి.

మీ మిత్రుల తుపాకీ సంగతి వాళ్లకు తెలిసే ఉంటుంది: తూటాలు తీసేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్‌లో చెప్పి ఇవ్వాలి. తుపాకీ నుంచి విప్పిన బోల్టు, తూటాలు పెట్టే మ్యాగజైన్ కూడా క్యాబిన్‌లోకి రాకూడదు. "చోటు లేదురా, ఈ మ్యాగజైన్ నీ బ్యాగులో వేసుకో" అంటే మొహమాటపడకుండా కుదరదనండి. దిగాక స్కోప్ జీరో (గురి) తప్పిందేమో షూటింగ్ రేంజ్‌లో చూసుకోమనండి. ఇంకో మాట. మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. హెచ్‌1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. లైసెన్సు లేకపోతే ఫొటో కోసం కూడా పట్టుకోవద్దు.

ప్రశ్న: అక్కా, మా తమ్ముడు ఖమ్మం జిల్లాలో మొక్కజొన్న వేస్తాడు. అడవి పందులు రాత్రికి రాత్రే చేను తొక్కేస్తున్నాయి. డిసెంబరులో వచ్చేటప్పుడు, ఒంటి వేడిని బట్టి చీకట్లో జంతువును చూపించే థర్మల్ స్కోప్ తెమ్మంటున్నాడు. మావారి వేట బ్యాగు గట్టిగా ఉందని దాన్నే చేతి సంచిగా తెద్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: థర్మల్ స్కోప్ వద్దమ్మా. అవి అమెరికా ఎగుమతి నియంత్రణల కిందికి వస్తాయి. దుకాణంలో కొన్నంత తేలిగ్గా దేశం దాటించడానికి లేదు. పైగా అడవి పంది మీద 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, పంట పాడుచేసిందని ఎవరికి వారు కాల్చేయకూడదు. అటవీ శాఖకు నష్టం రాయించమనండి. మీరు పంపదలుచుకున్న డబ్బు సోలార్ కంచెకు పంపండి. కంచెకు నేరుగా కరెంటు లైను తగిలించే ఆలోచన ఉంటే మాత్రం గట్టిగా కసరండి. ఆ తీగలకు పందుల కంటే ముందు పక్క చేను వాళ్లు బలైపోతున్నారు.

నాకు అసలు భయం ఆ బ్యాగంటేనే. వేట బ్యాగు అడుగున ఒక అట్ట ఉంటుంది. లైనింగ్ కుట్టు ఊడితే చిన్న .22 తూటా దాని కిందికి జారిపోతుంది, చేత్తో తడిమినా తగలదు. శంషాబాద్‌లో స్కానర్ కింద అదే తూటా స్పష్టంగా కనిపిస్తుంది, మీరు ఆయుధాల చట్టం కింద పోలీసులకు జవాబు చెప్పుకోవాలి. "మావారిది, మర్చిపోయారు" అంటే విని ఊరుకోరు. కాల్చేసిన ఖాళీ గొట్టం ఉన్నా ప్రశ్నలు తప్పవు. మావారు కూడా వేటకు వెళ్తారు. ఆయన బ్యాగు మా ఇంట్లో వేట తప్ప మరి దేనికీ వాడం, పిల్లల్ని స్విమ్మింగ్‌కి తీసుకెళ్లడానికి కూడా.

దాని జేబులో శాటిలైట్ మెసెంజర్ ఉందేమో కూడా చూడండి. ఇక్కడ అడవిలో ప్రాణం కాపాడే వస్తువే గానీ, ఇండియాలో టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోకూడదు. ట్రెక్కింగ్‌కని వచ్చిన విదేశీయులు దాంతోనే విమానాశ్రయాల్లో పట్టుబడ్డారు. డ్రోన్ కూడా తేవద్దు, 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. వేరే బ్యాగు కొనుక్కోండమ్మా, కేసుకయ్యే ఖర్చులో అదెంత.

ప్రశ్న: ఎల్క్ కొమ్ములు విమానంలో తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: టీఎస్‌ఏకి అభ్యంతరం లేదు, ఎయిర్‌లైన్‌ని బట్టి ఉంటుంది. కొందరు తీసుకోరు, తీసుకునేవాళ్లు అదనపు రుసుము వేస్తారు, కాబట్టి టికెట్ కొనకముందే ఫోన్ చేయండి. పుర్రెతో సహా తెస్తుంటే మాంసం, మెదడు లేకుండా శుభ్రం చేయించాలి, జింకల్లో వచ్చే సీడబ్ల్యూడీ జబ్బు భయంతో చాలా రాష్ట్రాలు ఆ భాగాల్ని రానివ్వవు. కొమ్ము మొనలకు తోటలో నీళ్లు పట్టే రబ్బరు పైపు ముక్కలు కోసి తొడిగి టేపు చుట్టండి. మొనలు బయటికుంటే మేం తీసుకోం.