భీమిలి దారిలో రాత్రి ఫొటోలు: కెమెరా సంగతి తర్వాత, ముందు ఆ ఇల్లు ఎవరిదో అడగండి

వైజాగ్ చుట్టుపక్కల పాడుబడ్డ ఇళ్లను నక్షత్రాలతో కలిపి తీయాలంటే ఏ కెమెరా కొనాలి, ఏ టార్చ్ వాడాలి అని అడిగారు. కెమెరా మీ దగ్గర ఉన్నదే చాలు. గాలికి కదలని ట్రైపాడ్, కాస్త వైడ్ లెన్స్ ఉండాలి, అంతే. నేను వాడేది చిన్న సెన్సర్ ఉన్న (క్రాప్ సెన్సర్) పాత కెమెరా, 14 ఎంఎం వైడ్ లెన్స్. ఇక టార్చ్ అంటారా, నడిచేటప్పుడు కాళ్ల ముందు వేసుకోండి గానీ గోడ మీద మాత్రం వేయొద్దు.

టార్చ్ బదులు చంద్రుణ్ణి వాడుకోండి. అందరూ అమావాస్యకి వెళ్లమంటారు, నేను ఒప్పుకోను. శుద్ధ చవితి, పంచమి, షష్ఠి, ఈ మూడు తిథులూ మన తీరానికి చేసిపెట్టినట్టు ఉంటాయి. సముద్రం మనకు తూర్పున. చీకటి పడేసరికి నెలవంక పడమర వైపు ఉంటుంది కాబట్టి వెన్నెల మన వీపు మీదుగా వెళ్లి గోడ మీద పడుతుంది. పది, పదకొండు ప్రాంతాల్లో చంద్రుడు అస్తమించాక ఆకాశం పూర్తిగా నల్లబడుతుంది. ట్రైపాడ్ కదపకుండా ముందు గోడకి ఒక షాట్, తర్వాత చుక్కలకి ఒక షాట్, ఆ రెండూ కలిపితే ఒకే ఫొటో. ఎండాకాలం చివర్లో అయితే ఆ వేళకి పాలపుంత నడిబొడ్డు ఆగ్నేయంలో సముద్రం మీదకి లేచి ఉంటుంది.

అలాంటి ఒక జ్యేష్ఠ పంచమి నాడు భీమిలి ఇవతల ఒక మొండిగోడల ఇంట్లో కెమెరా పెట్టాను. పక్క కొబ్బరితోట కాపలా ఆయన్ని అడిగే లోపలికి వెళ్లాను. కాసేపటికి ఒక పెద్దావిడ చేతికర్ర పట్టుకుని వచ్చింది.

"ఏటి బాబూ, సర్వేకొచ్చినారా?"

ట్రైపాడ్ చూసి అడిగిందామె. ఆ రోడ్డు మీద మూడు కాళ్ల స్టాండు కనబడితే భూమి కొలవడానికే వచ్చారని జనం భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు, అక్కడి స్థలాల రేట్లు అలా ఉన్నాయి.

"లేదు మామ్మా, చుక్కల ఫొటో తీసుకుంటున్నాను. ఇల్లు ఎవరిది?"

"మా అత్తోరిది. పైకప్పు హుద్‌హుద్‌కి పోనాది."

2014 అక్టోబరు తుపానుకి పెంకులూ దూలాలూ పోయి, మండువా చుట్టూ గోడలు మాత్రం నిలిచాయి. ఆవిడ నన్ను వంటింటి గోడ దగ్గరికి తీసుకెళ్లి చెయ్యంత లోతున్న గూడు చూపించింది. అందులో దీపం పెట్టేవాళ్లట. వేలితో తడిమితే మసి ఇంకా అంటుకుంటోంది. "ఎండాకాలం ఈ మండువాలోనే పడుకునేవోళ్లం. అదిగో ముసిలమ్మ మంచం, ఆ గోడ మీదే ఉండీది" అని కర్ర పైకెత్తింది. సప్తర్షి మండలం సరిగ్గా ఉత్తరపు గోడకి పైన ఉంది.

సముద్రం వైపు పెట్టిన కెమెరాని అటు తిప్పాను. షట్టర్ 20 సెకన్లు తెరిచి, లెన్స్ ద్వారం ఎఫ్ 2.8, వెలుతురు పట్టే ఐఎస్ఓ 1600 పెట్టాను. పడమటి వెన్నెల గోడకి పక్కనుంచి తగలడంతో పెచ్చులూడిన సున్నం, కింద ఇటుక, గూటి చుట్టూ మసి, అన్నీ విడివిడిగా వచ్చాయి. ఎదురుగా టార్చ్ కొడితే ఇవేవీ ఉండవు, సున్నం తెల్లగా వెలిసిపోతుంది. ధ్రువుడు మాత్రం రాలేదు. మన అక్షాంశం 17.7 డిగ్రీలు, ధ్రువుడి ఎత్తూ అంతే, గోడ వెనక ఉండిపోయాడు. ఆయన చుట్టూ చుక్కలు గీతలుగా తిరిగే ఫొటో కావాలంటే ఉత్తరాన పొట్టిగోడ ఉన్న ఇల్లు వెతకాలి.

ఇక్కడే ఇంకో మాట. ఉత్తరపు గోడ మీద పాలపుంత నడిబొడ్డు నిలబెట్టిన 'వైజాగ్' ఫొటోలు చాలామంది పెడుతున్నారు. మన ఊరి నుంచి అది ఉత్తరాన ఎప్పటికీ కనబడదు. ఎక్కడిదో ఆకాశం తెచ్చి అతికించి లైకులు అడగడం చూస్తే ఒళ్లు మండుతుంది.

అంతకన్నా మండేది దయ్యాల వీడియోలు. వెళ్లేముందు ఆవిడ నాతో ఏమందో తెలుసా? "దెయ్యాల కొంపని రాయకు బాబూ, మా మనవరాలికి సంబంధాలు సూత్తన్నాం." అంతకుముందు ఎవరో కుర్రాళ్లు అలాగే వీడియో పెట్టారట. ఆ తర్వాత రాత్రిళ్లు సీసాలతో జనం దిగడం, మిగిలిన గుమ్మం చెక్క ఊడబీక్కుపోవడం. పైకప్పు లేనంత మాత్రాన ఇంటికి మనుషులు లేకుండా పోరు. నా ఫొటోల కింద 'భీమిలి దగ్గర ఒక కుటుంబం ఇల్లు' అనే రాస్తాను, భయపెట్టే పేర్లు పెట్టమన్నవాళ్లకి ఫొటో ఇవ్వను.

చోటు విషయానికొస్తే, రుషికొండ దాటేవరకు బీచ్ రోడ్డు దీపాల్లో పాలపుంత ఆశ వదిలేయండి. యారాడ, డాల్ఫిన్స్ నోస్ వైపు నేవీ వాళ్ల ప్రాంతం, అక్కడ కెమెరా తీసి లేనిపోని టెన్షన్ తెచ్చుకోకండి. ఏసీ కారులోంచి కెమెరాని ఒక్కసారిగా బయటికి తీస్తే లెన్స్ చెమ్మగిల్లుతుంది, బ్యాగులోనే కాసేపు ఉంచండి. ఉప్పు గాలి జిడ్డు తుడవడానికి మెత్తటి గుడ్డలు ఎక్కువ పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు ఒకసారి పగటిపూట వెళ్లి, చుట్టుపక్కల అడిగి, ఇంటివాళ్లని కలవండి. పెరట్లో నుయ్యి ఎక్కడుందో కూడా వాళ్లే చూపిస్తారు. తుప్పలు కమ్మేసిన పాత నూతులు ఆ వెన్నెలకి కనబడవు.