వాక్యం చదువుతున్నా గుండె దడ తగ్గడం లేదంటే

ప్రశ్న: అక్కా, వందనాలు. అమెరికాలో డాలస్ దగ్గర మాస్టర్స్ పూర్తి చేసి ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం ఇక్కడ పనిచేసుకునే అనుమతి) మీద ఉన్నాను. ఉద్యోగం లేకుండా ఉండగలిగే 90 రోజుల్లో 50 అయిపోయాయి. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతోంది. "దేనినిగూర్చియు చింతపడకుడి" అని వాక్యం చెబుతోంది, నేనేమో చింతపడుతూనే ఉన్నాను. నాకు విశ్వాసం తక్కువా? కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే వీసాకు ఇబ్బందా?

జవాబు: తమ్ముడూ, వందనాలు. వీసా సంగతి ముందు చెప్పేస్తాను. ఆందోళనకు చికిత్స తీసుకున్నంత మాత్రాన స్టేటస్ పోదు. నువ్వు చెప్పిన మాటల్ని కౌన్సెలర్ నీ అనుమతి లేకుండా కాలేజీకో కంపెనీకో చెప్పకూడదు, ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప. చదువు పూర్తయ్యాక కాలేజీ కౌన్సెలింగ్ చాలాచోట్ల ఆగిపోతుంది కాబట్టి ఒకసారి ఫోన్ చేసి కనుక్కో. ఇన్సూరెన్స్ లేకపోతే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నాయి, అక్కడ ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు.

ఇక విశ్వాసం మాట. 2009లో నేను హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉండగా ప్రాజెక్టు పోయింది. ఉద్యోగం పోయాక ఇంకోటి వెతుక్కోవడానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు అప్పట్లో లేదు, అది 2017లో వచ్చింది. ఒక సాయంత్రం కిరాణా షాపు పార్కింగ్‌లో ఊపిరి అందలేదు, వేళ్ళు తిమ్మిరెక్కాయి, గుండెపోటే అనుకున్నాను. ఆస్పత్రిలో ఈసీజీ తీసి గుండె బాగానే ఉంది, ఇది ప్యానిక్ అటాక్ అన్నారు. సంఘంలో ఒక పెద్దాయనకు చెప్పుకుంటే అవిశ్వాసం ఒప్పుకుని ఉపవాసం ఉండమన్నారు. ఆ తర్వాత ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి మా పాస్టరమ్మ గారే నా ముఖం చూసి, పక్కన కూర్చుని ప్రార్థించి, తనే కారులో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ రెండూ ఆవిడకు ఒకే పని.

నువ్వు రాసిన వాక్యం పౌలు బంధకాల్లో ఉండి రాసినది. సంఘాలన్నిటిని గురించిన చింత రోజూ తన మీద భారంగా ఉందని కొరింథీయులకు రాసిందీ ఆయనే. ఆయన్ని అవిశ్వాసి అంటామా? ఆ వచనం "చింతపడకుడి" దగ్గర ఆగలేదు కూడా, మీ విన్నపాలు దేవునికి తెలియజేయమంటుంది. కాబట్టి "ప్రభువా, టెన్షన్ తీసెయ్యి" అని వదిలెయ్యకు. "నెలాఖరుకు అద్దె కట్టాలి, లోను కోసం నాన్న తాకట్టు పెట్టిన పొలం గుర్తొస్తే భయమేస్తోంది" అని పేరు పెట్టి చెప్పు.

ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఏలీయా కథ. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసిన ప్రవక్త, యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో బదరీ వృక్షం కింద కూర్చుని చచ్చిపోతానన్నాడు. దేవదూత గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు తెచ్చి తినమన్నాడు. మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ లేపి తినిపించాడు. "ఇక్కడ ఏం చేస్తున్నావు" అని దేవుడు అడిగింది నలభై రోజుల తర్వాత, హోరేబు కొండ దగ్గర. నువ్వు రాత్రి రెండింటి దాకా అప్లికేషన్లు పంపుతూ, కాఫీ మీద బతుకుతూ, నిద్రలేని ఒంటితో విశ్వాసాన్ని కొలుచుకుంటున్నావేమో చూసుకో. ఒకసారి రక్తపరీక్ష కూడా చేయించుకో, థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ ఇలాగే ఉంటుంది. డాక్టర్ మందులు రాస్తే సిగ్గుపడకు. వాటిలో చాలావరకు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో నీ అంతట నువ్వు మానెయ్యకు.

మిగిలిన 40 రోజుల గురించి మీ డీఎస్‌ఓను (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) అడుగు. మొదటి ఏడాది ఓపీటీలో, నీ చదువుకు సంబంధించిన పని జీతం లేకుండా వారానికి కనీసం 20 గంటలు చేసినా, నిబంధనలకు లోబడి ఉంటే ఉద్యోగంగా లెక్కకొస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక నిద్రపోయిన పిల్లల్ని చూశాను.

ప్రార్థన కూటంలో అందరి ముందూ చెప్పాలనేమీ లేదు. ప్రార్థన అంశంగా చెప్పిన మాట మర్నాటికి ఊరు చేరుతుందన్న భయం నీకుంటే, అది నిజమే కావచ్చు. నమ్మకమైన ఒక్కరు చాలు. గెత్సేమనేలో యేసు ప్రభువు కూడా ముగ్గురినే దగ్గరికి తీసుకెళ్ళి, నాతో మెలకువగా ఉండండి అని అడిగాడు. ఎప్పుడైనా చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా అమెరికాలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి. రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బు కట్టనక్కర్లేదు, ఇంటర్‌ప్రెటర్‌ను అడగొచ్చు.

ఇంట్లో "అంతా బాగుందమ్మా" అంటున్నావు కదూ? నీకు మెలకువ వచ్చే మూడింటికి అక్కడ మధ్యాహ్నం, అమ్మ భోజనం చేసి కూర్చుని ఉంటుంది. "నిద్ర పట్టడం లేదమ్మా, ప్రార్థన చెయ్యి" అని ఫోన్ చెయ్యి.