ఒకే పాట, రెండు ప్లేట్లు

ప్రశ్న: మా పెదనాన్నగారు ఓడలో పనిచేసిన రోజుల్లో కొని తెచ్చిన గ్రామఫోను ప్లేట్లు మా పెంకుటింటి అటక మీద దొరికాయి. వాటిలో ఇంగ్లండు గాయకుడు డేవిడ్ బౌవీ పాడిన ‘స్పేస్ ఆడిటీ’ అనే వ్యోమగామి పాట ప్లేట్లు రెండున్నాయి. ఫిలిప్స్ వారి ప్లేటుకు రెండోవైపు ఒక పాట ఉంటే, ఆర్.సి.ఎ. వారి దానికి రెండు పాటలున్నాయి. మొదటిదానిలో పాట కాస్త పొట్టిగా ఉంది. ఫోనులో వింటే, వాద్యాలు బాగా తక్కువగా ఉన్న మరో తీరు వినిపించింది. వీటిలో అసలుదేది? ప్లేట్లకు పట్టిన బూజు ఎలా వదిలించాలి?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మీ ప్లేట్లు రెండింటిలోనూ ఉన్నది 1969 జూన్‌లో లండన్‌లోని ట్రైడెంట్ స్టూడియోలో గస్ డజన్ పర్యవేక్షణలో రికార్డు చేసిన పాటే కనుక ఒకటి అసలు, మరొకటి నకలు అనుకోనక్కరలేదు.

ఫిలిప్స్ ప్లేటు 1969 జులై 11న, అంటే మనుషులతో చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో 11 బయలుదేరడానికి సరిగ్గా ఐదు రోజుల ముందు విడుదలైంది. మధ్యనున్న చీటీ మీద బి.ఎఫ్. 1801 అనే సంఖ్య, రెండోవైపు ‘వైల్డ్ ఐడ్ బాయ్ ఫ్రమ్ ఫ్రీక్లౌడ్’ పాట ఉంటే మీది ఆ విడుదలే. చంద్రయాన సమయంలో వచ్చినా పాటకు వెంటనే గిరాకీ రాలేదు; సెప్టెంబరులో బ్రిటన్‌లో బాగా అమ్ముడైన పాటల జాబితాకెక్కి, ఆ తరువాత 5వ స్థానం దాకా వెళ్ళింది. ఆల్బమ్‌లో ఐదు నిమిషాలు దాటిన పాటను సింగిల్ కోసం, అంటే ఒక్క పాటను ముందుంచి వేసే చిన్న ప్లేటు కోసం కత్తిరించారు. మీకు పొట్టిగా తోచడానికి అదే కారణం.

బౌవీ ఆర్.సి.ఎ. సంస్థకు మారిన తరువాత పాత పాటకు మళ్ళీ రోజులొచ్చాయి. 1973లో అమెరికాలో తిరిగి విడుదలై అక్కడి జాబితాలో 15వ స్థానం అందుకుంది. మీ రెండో ప్లేటు 1975 నాటి బ్రిటన్ విడుదల; పాట నిడివి తగ్గించకుండా, రెండోవైపు ‘ఛేంజెస్’తో పాటు అంతవరకు బయటికి రాని ‘వెల్వెట్ గోల్డ్‌మైన్’ను చేర్చి అమ్మారు. ఆరేళ్ళనాటి ఈ పాటే ఆ నవంబరులో బౌవీకి బ్రిటన్‌లో మొట్టమొదటి అగ్రస్థానం తెచ్చిపెట్టింది. కొత్త పాటలు ఎన్ని చేసినా దక్కనిది పాతదానికి దక్కిందంటే ఆయనకు ఎలా అనిపించిందో!

ఫోనులో మీరు విన్నది బహుశా 1979లో ఆయన మళ్ళీ పాడి, 1980లో ‘అలబామా సాంగ్’ ప్లేటు రెండోవైపు వేసిన తీరు. అందులో గిటారు, బేస్, డ్రమ్స్, పియానో తప్ప హంగులేమీ లేవు. పాత పాటలోని స్టైలోఫోన్, అంటే లోహపు పలక మీద పెన్నులాంటి పుల్లను ఆనించి జుయ్యిమనిపించే అరచేతి వాద్యం, ఇందులో వినిపించదు. మెట్టు నొక్కితే లోపలి టేపు ముక్క కదిలి తీగవాద్యాల గుంపులా పలికే మెలోట్రాన్ కూడా లేదు. పాత రికార్డులో దాన్ని వాయించినవాడు రిక్ వేక్‌మన్. నా చెవికి పాతదే ఇంపు. ఇవి కాక మొగోల్ అనే కవి మాటలు కట్టగా బౌవీ ఇటాలియన్‌లోనూ పాడాడు. వరస అదే అయినా అందులో వ్యోమగామి కథ లేదు, ఒంటరి అబ్బాయి, ఒంటరి అమ్మాయి మాత్రమే ఉన్నారు.

ఇక బూజు సంగతి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో పైపొడి దులపండి. తరువాత డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే ద్రవసబ్బు ఒక్క చుక్క కలిపి, మెత్తటి గుడ్డతో గాళ్ళ వెంబడి గుండ్రంగా తుడిచి, మళ్ళీ వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో తుడవండి. మధ్యనున్న కాగితపు చీటీ తడవకూడదు. మెరుపు కోసం కొబ్బరినూనె రాయకండి, గాళ్ళలో దుమ్ము పేరుకుపోతుంది. ఎండలో పెడితే ప్లేటు వంకర తిరుగుతుంది కనుక నీడలోనే ఆరబెట్టి, బూజు పట్టిన లోపలి కాగితపు సంచులను పారేసి కొత్తవి తొడగండి. అటక వేసవిలో పెంకుల వేడికి కాగుతుంది, వానాకాలంలో చెమ్మ పీలుస్తుంది. గాలి ఆడే గదిలో, నేలకు ఎత్తుగా ఉన్న అరలో, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా ఉంచండి.