పొలంలో ఊట: జిప్సం ఎప్పుడు, మురుగు కాలువ ఎప్పుడు?

ప్రశ్న: సాగర్ కుడికాలువ కింద మాది మూడెకరాల నల్లరేగడి. పైన వరి పొలాలు, ఆ పైన కాలువ. ఒకప్పుడు పత్తి బాగా పండేది. ఇప్పుడు దిగువ ఎకరంలో మొక్క ఎర్రబడి గిడసబారుతోంది, మార్చికల్లా నేలమీద తెల్లటి పొర తేలుతోంది. జిప్సం ఎన్ని బస్తాలు వేయాలి?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: బస్తాల సంగతి తర్వాత. మీరు చెప్పిన గుర్తులు పాల చౌడువి, అంటే ఉప్పు పేరుకున్న నేలవి. జిప్సం పనిచేసేది కారు చౌడు, అంటే సోడియం ఎక్కువైన క్షార నేల మీద. మట్టి ఇ.సి. (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 4 దాటి, పి.హెచ్. (క్షార గుణం చెప్పే అంకె) 8.5 లోపే ఉంటే జిప్సం దండగ. అదీ ఒక లవణమే కదా! అన్నట్టు, ఆ 4 హద్దు మట్టిని ముద్దగా తడిపి పిండిన నీటికి. ఒక పాలు మట్టికి రెండు, రెండున్నర పాళ్ల నీళ్లు కలిపి చూస్తే అంకె బాగా తక్కువొస్తుంది. ఏ పద్ధతిలో చూశారో పరీక్ష కేంద్రంలో అడగండి.

1967 నుంచి కాలువ పారుతోంది. కాలువ ఊట, పై వరి మళ్ల ఊట కలిసి పల్లంలో చేరతాయి. రేగడిలో నీరు కిందికి దిగడం కష్టం, పైకి పీల్చుకోవడం తేలిక. ఎండకు నీరు ఆవిరైపోయి ఉప్పు పైన మిగులుతుంది.

ముందు నీరెక్కడుందో చూడండి. 2 మీటర్ల లోతు గుంత తవ్వి ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు దించండి. పైపు కింది మీటరుకు బెజ్జాలు పెట్టి, నైలాన్ వల చుట్టి, చుట్టూ దొడ్డు ఇసుక పోయండి. పై అడుగు మేర బంకమట్టితో బిగించకపోతే వాన నీరు పైపు వెంటే దిగి కొలత తప్పుతుంది. పదిహేను రోజులకోసారి పైపు పై అంచు నుంచి నీటిదాకా కొలిచి, అందులోంచి నేలపైకి ఉన్న పైపు ఎత్తు తీసేయండి. పైరు కాలంలో నీరు మీటరు లోపే ఉంటే వేళ్లకు గాలి ఆడదు, ఎరువు ఎంత వేసినా ఎక్కదు.

వరి పొలం గట్టు వెంట, ఊటకు అడ్డంగా నాలుగడుగుల లోతు మురుగు కాలువ తీయండి. దాని అడుగు పంచాయతీ డ్రెయిన్ నీటి మట్టంకన్నా ఎత్తులో ఉండాలి; లేకుంటే వానాకాలంలో నీరు ఎదురొస్తుంది. వాలు లేని చోట సంపు, మోటారు తప్పవు. ఇదే ఆయకట్టులో కొనంకి దగ్గర, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరు దగ్గర శాస్త్రవేత్తలు నేలలో బెజ్జాల పైపులు వేసి చూశారు. అది ఒక్క రైతు పని కాదు, పక్కవాళ్లంతా కలవాలి.

ఊట తగ్గాకే ఉప్పు కడగాలి. రెండడుగుల మట్టి కడగాలంటే రెండడుగుల నీరు కావాలి, అంటే ఎకరానికి దాదాపు 25 లక్షల లీటర్లు. ఒక్కసారిగా కాక విడతలుగా పెడితే కొంత ఆదా. మురుగు కాలువ లేకుండా కడిగితే ఉప్పు మళ్లీ మీ పొలంలోకే వస్తుంది.

ప్రశ్న: ఆ మురుగు నీరు మిర్చికి పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. మట్టి ఇ.సి. 1.5 దాటితేనే మిర్చి దిగుబడి పడిపోతుంది. పత్తి 7.7 దాకా ఓర్చుకుంటుంది. దానికైనా మొలక దశలో కాలువ నీరే పెట్టండి.