ఎంఎస్ ఉన్నవారికి ఎంఆర్ఐలో ‘మెదడు వయసు’ ఎక్కువగా వస్తే మందు మార్చాలా?

ప్రశ్న: నా భార్య వయసు 36. ఏడేళ్ల క్రితం ఒక కంటికి చూపు మసకబారడంతో మొదలై, అది మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది. మాత్రలు వాడుతోంది. రెండేళ్లుగా కొత్త ఇబ్బందులేవీ లేవు. పాత ఎంఆర్ఐలు నెల్లూరులో తీయించాం, మొన్న మే నెలలో మాత్రం చెన్నైలో తీయించాం. ఆ సీడీలోని స్కాన్‌ను మా మేనల్లుడు ఇంటర్నెట్‌లోని ఒక ప్రోగ్రామ్‌లో పెడితే ‘మెదడు వయసు 47’ అని వచ్చింది. అప్పటినుంచి ఆమెకు అదే బెంగ. జ్ఞాపకశక్తి పోతుందేమోనని భయపడుతోంది. ఈ లెక్క నిజమేనా? మందు మార్చించాలా? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఆ అంకెను చూసి మందు మార్చవద్దు, ఆపవద్దు. అలాగని ఆ లెక్క వెనుక శాస్త్రం లేదనీ అనలేను.

వేలమంది ఆరోగ్యవంతుల ఎంఆర్ఐలను, వారి అసలు వయసులతో సహా కంప్యూటర్‌కు చూపించి, ఏ వయసులో మెదడు ఎలా ఉంటుందో నేర్పుతారు. ఆ తరువాత కొత్త స్కాన్ ఇస్తే, ముఖం చూసి మనం వయసు చెప్పినట్లుగా, మెదడు పై పొర మందం, లోపలి నీటి గదుల వెడల్పు వంటివాటిని బట్టి అది ఒక వయసును అంచనా కడుతుంది. ఎంఎస్‌లో రోగనిరోధక వ్యవస్థ నరాల పైతొడుగైన మైలిన్‌ను దెబ్బతీస్తుంది, క్రమంగా నరాల తంతువులు కూడా కొన్ని నశిస్తాయి. అందువల్ల ఆరోగ్యవంతుల మెదడు ఏడాదికి సుమారు 0.1 నుంచి 0.3 శాతం తగ్గితే, చికిత్స లేని ఎంఎస్‌లో అది 0.5 శాతం నుంచి 1 శాతానికి పైగా కూడా తగ్గవచ్చు. యూరప్‌లో వెయ్యిమందికి పైగా ఎంఎస్ రోగులను పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వారి మెదడు వయసు ఆరోగ్యవంతులతో పోలిస్తే సగటున 10 ఏళ్లు ఎక్కువగా కనిపించింది. నార్వేలో జరిగిన మరో చిన్న అధ్యయనంలో ఈ తేడా 4 ఏళ్లకు కాస్త పైన మాత్రమే ఉంది. కాబట్టి మీ భార్య విషయంలో వచ్చిన 11 ఏళ్ల తేడా ఈ జబ్బులో కనీవినీ ఎరుగనిదేమీ కాదు.

అయితే ఇవన్నీ గుంపుల సగటులు. ఒక్క మనిషి, ఒక్క స్కాన్ విషయానికి వచ్చేసరికి లెక్క తడబడుతుంది. ఆరోగ్యవంతుల విషయంలోనే ఈ ప్రోగ్రామ్‌లు సగటున మూడు నుంచి ఐదేళ్లు అటూఇటూ పొరబడతాయి. ఎంఎస్ వల్ల మెదడులో ఏర్పడే మచ్చలు కొన్ని రకాల చిత్రాలలో నల్లగా కనబడి, వాటిని ముందుగా సరిచేయకపోతే ప్రోగ్రామ్‌ను తికమకపెడతాయి. యంత్రం మారినా, దాని అయస్కాంత శక్తి 1.5 టెస్లా నుంచి 3 టెస్లాకు మారినా కొలతలు మారతాయి. మీ నెల్లూరు స్కాన్‌కూ చెన్నై స్కాన్‌కూ మధ్య తేడా వస్తే, అందులో జబ్బు వాటా ఎంతో యంత్రం వాటా ఎంతో విడదీయడం కష్టం. ఒంట్లో నీరు తగ్గినా మెదడు పరిమాణం కొలతలో కొద్దిగా తగ్గుతుంది. మే నెల ఎండలో, సరిగా నీళ్లు తాగకుండా కావలి నుంచి చెన్నై వెళ్లి స్కాన్ యంత్రంలో పడుకుని ఉంటే ఆ ప్రభావమూ ఉండవచ్చు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకున్న తరువాత, కొత్తగా ఎంఎస్ మందు మొదలుపెట్టిన మొదటి ఏడాదిలో కూడా, వాపు తీయడం వల్ల మెదడు చిన్నదైనట్లు కనిపిస్తుంది. నిజానికి అది మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు.

ఇంకొక మాట. సీడీలోని ఫైళ్లలో పేరు, పుట్టిన తేదీ కూడా ఉంటాయి. వాటిని ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లకు ఎక్కించవద్దని మీ మేనల్లుడికి చెప్పండి.

జ్ఞాపకశక్తి గురించిన భయానికి ఈ అంకె ఆధారం కాదు. ఆరోగ్యంగా ఉన్న 47 ఏళ్లవారికి ఆ వయసు వల్ల మతిమరుపు జబ్బు రాదు కదా! ఎంఎస్‌లో ఆలోచనా వేగం కొంత తగ్గే అవకాశం ఉన్నమాట నిజం. దానిని తెలుసుకోవడానికి గుర్తులకు అంకెలు జతచేసే ఒకటిన్నర నిమిషాల పరీక్ష ఉంది. న్యూరాలజిస్ట్‌ను అడిగి ఏడాదికొకసారి అది చేయించండి. మెదడు వయసు కన్నా ఆ ఫలితానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇకపై వీలైనంతవరకు ఒకే సెంటర్‌లో, ఒకే యంత్రం మీద ఎంఆర్ఐ తీయించండి. పాత సీడీలన్నీ వెంట తీసుకువెళ్లి, కొత్త మచ్చలు వచ్చాయా, పాతవి పెరిగాయా అన్నది పోల్చి రాయమని రేడియాలజిస్ట్‌ను కోరండి. మందు మార్చాలా వద్దా అన్నది ప్రధానంగా ఈ పోలికను, ఆమె లక్షణాలను, డాక్టర్ పరీక్షను బట్టి తేలుతుంది. స్కాన్‌లో మచ్చలు స్పష్టంగా కనబడేందుకు ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ప్రతిసారీ అవసరం ఉండదు. బీపీ, షుగర్, బరువు అదుపులో ఉంచడం, పొగతాగే అలవాటు ఇంట్లో ఎవరికి ఉన్నా మానేయడం, విటమిన్ డి తక్కువైతే డాక్టర్ చెప్పిన మోతాదులో తీసుకోవడం, ఎండ ఎక్కకముందే రోజూ నడవడం మెదడుకు మేలు చేస్తాయి.

మన ప్రాంతపు వేసవిలో ఒళ్లు వేడెక్కినప్పుడు పాత లక్షణాలు కాసేపు తిరగబెట్టి, చల్లబడగానే తగ్గిపోతే కంగారుపడనక్కరలేదు. జ్వరం లేకుండా కొత్తగా చూపు మందగించడం, కాలో చెయ్యో పట్టు తప్పడం, తిమ్మిరి వంటివి ఒక రోజుకు మించి కొనసాగితే మాత్రం తరువాతి స్కాన్ తేదీ కోసం ఆగకుండా వెంటనే న్యూరాలజిస్ట్‌కు చూపించండి.