అకోహేర్ అంటే చేరదీయడం

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

సెప్టెంబరులో మాడ్రిడ్ వెళ్తున్నావని, అక్కడ పిల్లల్ని ఉంచే కేంద్రంలో ఏడాది పాటు పనిచేస్తావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ఫోను పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే కూర్చుండిపోయాను. గర్వంగా ఉంది. గుండె దడగానూ ఉంది.

చలికోటు అక్కడే కొనుక్కో. మధ్యాహ్నం రెండింటికి ముందు చాలామంది భోంచెయ్యరు. పాస్‌పోర్టు నకలు ఒకటి మీ నాన్న దగ్గర ఉంచు.

నా దిగులంతా ఒక్క స్పానిష్ మాట గురించే. అకోహేర్. నువ్వు పనిచేసే చోటుని 'థెంత్రో దె అకోహీదా' అంటారు, ఆ మాట రోజూ నీ నోట్లో ఉంటుంది. నిఘంటువులో 'స్వాగతించు' అని చూసి ఊరుకోకు. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎదురెళ్ళి పిలుచుకురావడం రెథిబిర్. గుమ్మంలో ఆడపిల్లకైతే 'బియెన్వెనీదా' అనాలి, మగపిల్లాడికైతే 'బియెన్వెనీదో'. అకోహేర్ అలాంటిది కాదు. లాటిన్‌లో దాని మూలానికి పోగుచేసి దగ్గరకు తీసుకోవడమని అర్థం. మన 'చేరదీయడం' అచ్చంగా అదే. రాసేటప్పుడు మాత్రం 'అకోహో' (నేను చేరదీస్తాను)లో జి బదులు జె వస్తుంది, పలకడంలో తేడా లేదు. ముందున్న 'అ' ఎప్పుడూ మింగెయ్యకు. 'కోహేర్' స్పెయిన్‌లో మామూలు మాటే గానీ మెక్సికో, అర్జెంటీనా వాళ్ళ చెవిలో బూతు.

నేను ఆ ఊళ్ళో కాపురం పెట్టిన రెండో ఏడు. పక్కింటావిడ ఏడేళ్ళ పిల్లవాణ్ణి చూసుకునేది. ఒక ఆదివారం ఇద్దర్నీ భోజనానికి పిలిచాను. వాడు పులిహోర ఇష్టంగా తింటుంటే నాకు కడుపు నిండిపోయింది. 'పరాయి బిడ్డని పెంచుకుంటున్నారు, ఎంత మంచి మనసండీ' అని నా మనసులో తెలుగులో అనుకున్నాను. నోట్లోంచి వచ్చింది 'అదోప్తార్'. దత్తత. మన పెంచుకోవడంలో చేరదీయడం, దత్తత రెండూ కలిసిపోతాయి, తల్లీ. వాళ్ళకి కలవవు.

వాడు చెంచా కింద పెట్టేశాడు. 'యో తెంగో మాద్రే' అన్నాడు, నెమ్మదిగా. నాకు అమ్మ ఉంది అని. తర్వాత ఒక్క మెతుకు ముట్టలేదు. చొక్కా మీద కోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని, తలుపు దగ్గర నిలబడ్డాడు. వాడు వారానికోసారి వాళ్ళమ్మని కలుస్తుండేవాడట. పెద్దవాళ్ళంతా కలిసి తనకు చెప్పకుండా అమ్మని తీసేశారనుకున్నాడు. ఆ రాత్రి 'ఇక అమ్మ రాదా' అని అడిగాడని మర్నాడు ఆవిడ చెప్పింది. నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడ పిల్లల రక్షణకి 1996లో చట్టం చేశారు, 2015లో సవరించారు. అత్యవసరంగా చేరదీస్తే ఆరు నెలల వరకు, తాత్కాలికంగా అయితే మామూలుగా రెండేళ్ళ వరకు. ఆ లోపు బిడ్డ తిరిగి ఇంటికి చేరాలని చూస్తారు. కన్నతల్లి అక్కడే ఉంటుంది, ఆ బిడ్డ కళ్ళలో. దత్తతలో కన్నవాళ్ళతో ఆ చట్టబంధం తెగిపోతుంది.

నువ్వు చిన్నప్పటి నుంచీ గబగబా అనేసే పిల్లవి. ఆ వేగం తగ్గించుకో, ముఖ్యంగా పిల్లల ముందు. ఎవరి గురించైనా 'అదోప్తాదో', అంటే దత్తు బిడ్డ, అనే ముందు కాగితం చూడు, లేదా అడుగు. అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు.

ఆ బాబు ఏడాదిన్నరకి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళేరోజు మా తలుపు కొట్టి పులిహోర అడిగాడు. డబ్బాలో పెట్టి ఇచ్చాను. చేతులు వణికాయి.

నీ సామాన్లో పల్లీ ఉండలు పెడతాను. కానీ పిల్లలకి పెట్టే ముందు అక్కడి వాళ్ళని అడుగు. వేరుశనగ పడని పిల్లలుంటారు.

మీ పెద్దమ్మ