ఇంటి ల్యాబ్‌లో నెట్‌వర్క్ తెగిపోతున్నప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

ఒకే యంత్రంలో పలు వర్చువల్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లను) నడిపే నీ ప్రాక్స్‌మాక్స్ సర్వర్ ఉన్నట్టుండి నెట్‌వర్క్‌కు అందకుండా పోతోందని, రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా గుణం కనిపించలేదని రాశావు. మూడోసారి ఆ పని చేయకు నాయనా. దానివల్ల లాగ్‌లలో (సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టాలలో) మిగిలిన ఆధారాలు చెరిగిపోవడమే తప్ప లోపం ఎక్కడుందో తెలిసిరాదు.

ముందుగా సర్వర్‌కు ఒక మానిటరు, కీబోర్డు తగిలించు. నువ్వు లోపలికి వెళ్లే దారీ, తెగిపోతున్న దారీ ఒకటే కనుక, ఆ క్షణంలో లోపల ఏం జరుగుతోందో చూడడానికి నీకు మరో మార్గం లేదు.

ఆ తరువాత లోపం పెట్టె లోపలిదా, వెలుపలిదా అన్నది తేల్చుకో. ఒకే బ్రిడ్జికి, అంటే సర్వర్ లోపలి సాఫ్ట్‌వేర్ స్విచ్‌కు, కలిపిన రెండు వర్చువల్ మెషీన్ల మధ్య ఐపెర్ఫ్3 అనే వేగ పరీక్ష సాధనాన్ని నడిపితే ఆ ట్రాఫిక్ సర్వర్‌లోనే తిరుగుతుంది గాని కేబులును, స్విచ్‌ను తాకదు. అక్కడ అంతా సవ్యంగా ఉండి, బయటి కంప్యూటరుతో పరీక్షించినప్పుడు మాత్రమే తేడా వస్తే, నెట్‌వర్క్ కార్డు, దాని డ్రైవరు, కేబులు, స్విచ్ పోర్టు, ఈ నాలుగింటినే అనుమానించాలి.

వీటిలో కేబులునే మొదట చూడమంటాను. ఒకప్పుడు నా సర్వర్ నుంచి ఫైళ్లు ఎంతకీ కదలకపోతే, బ్రిడ్జి సెట్టింగులను, ఫైర్‌వాల్ నియమాలను రెండు రాత్రులు తిరగరాశాను. ఐపెర్ఫ్3 ప్రతిసారీ 94 మెగాబిట్ల దగ్గరే ఆగేది. ఒక గిగాబిట్ లింకులో సుమారు 940 రావాలి కదా అని అప్పటికి తోచి, కార్డు స్థితిని చూపే ఎథ్‌టూల్ ఆదేశం నడిపితే వేగం 100 అని చూపింది. ప్లగ్గును దీపం దగ్గర పట్టుకుని చూస్తే, పారదర్శకమైన ప్లాస్టిక్ లోపల గోధుమరంగు తీగ ఎనిమిదో పిన్నును చేరకుండా వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయి ఉంది. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి; 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. అందుకే ఆ రెండూ కాని జత ఒకటి తెగినా చాలా కార్డులు లింకును వదలకుండా 100కు దిగిపోతాయి, పోర్టు దీపం వెలుగుతూనే ఉంటుంది. దీపాన్ని చూసి కేబులు బాగుందని నిర్ణయించకు.

వేగం సరిగానే ఉంటే ఎథ్‌టూల్‌కు పెద్ద ఎస్ (-S) జోడించి కార్డు లెక్కలు చూడు. ఐపెర్ఫ్3 నడుస్తున్నంతసేపూ సీఆర్‌సీ దోషాల (దారిలో చెడి చేరిన డేటా ముక్కల) సంఖ్య పెరుగుతూ ఉంటే కేబులు, పోర్టు, కార్డులను ఒక్కొక్కటిగా మార్చు. రెండింటిని ఒకేసారి మార్చితే, సమస్య తీరినా దోషి ఎవరో తేలదు.

కొత్త గ్రాఫిక్స్ కార్డో, ఎన్‌వీఎంఈ డిస్కో పెట్టాక నెట్‌వర్క్ పూర్తిగా పోయిందంటే, నా దృష్టిలో అది హార్డ్‌వేర్ చెడినట్టు కాదు. కార్డులు కూర్చునే పీసీఐ బస్సు సంఖ్యలు జరిగి, ఆ సంఖ్యను బట్టి లినక్స్ పెట్టే పేరు మారి, నిన్నటి వరకు ఈఎన్‌పీ3ఎస్0 (enp3s0) అయిన నెట్‌వర్క్ కార్డు ఈరోజు ఈఎన్‌పీ4ఎస్0 (enp4s0) అయి ఉండవచ్చు. బ్రిడ్జి మాత్రం పాత పేరు కోసమే వెతుకుతూ ఉంటుంది. ఐపీ లింక్ (ip link) ఆదేశంతో కొత్త పేరు తెలుసుకుని, నెట్‌వర్క్ అమరికలుండే ఇంటర్‌ఫేసెస్ ఫైలులో దిద్దు. కార్డుకు తయారీలోనే వచ్చే మ్యాక్ చిరునామా ఆధారంగా పేరును స్థిరపరిస్తే మళ్లీ ఈ బాధ ఉండదు.

నీది పాత సర్వర్‌ల నుంచి తీసిన 10 గిగాబిట్ కార్డు అన్నావు గనుక దాని వేడిని కూడా గమనించు. అటువంటి కార్డులు సర్వర్ పెట్టెల్లో వీచే బలమైన గాలిని నమ్ముకుని తయారైనవి. నిశ్శబ్దంగా ఉండే ఇంటి కేసులో ఆ గాలి అందక, భారం పెరిగిన కొంతసేపటికి లింకు తెగవచ్చు. హీట్‌సింకు మీదికి ఒక చిన్న ఫ్యాను తిప్పి పెట్టి, ఆపకుండా ఐపెర్ఫ్3 నడిపి చూడు. గాలి తగిలాక నిలబడితే కారణం దొరికినట్టే.

అప్పటికీ తెగుతుంటే, తెగిన సమయాన్ని నిమిషంతో సహా రాసిపెట్టుకుని, దానికి అటూ ఇటూ ఐదు నిమిషాల కెర్నెల్ లాగ్‌ను (లినక్స్ మూలభాగం రాసే చిట్టాను), తెగకముందు, తెగాక ఎథ్‌టూల్ చూపిన లెక్కలను నాకు పంపు. కార్డు స్తంభించి డ్రైవరు దాన్ని రీసెట్ చేసిన జాడ అందులో ఉంటే, పెద్ద డేటాను ముక్కలు చేసే పనిని కార్డుకు అప్పగించడం, ఆలస్యం చేయడం వంటి టీఎస్‌ఓ, జీఎస్‌ఓ సదుపాయాలను ఆపి చూద్దాం.